నీడ పెరట్లో పచ్చని నేల, ఎర్రని పండ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నీడకు సంబంధించినవే. వరంగల్, కరీంనగర్ లాంటి పట్టణాల్లో ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని పైకి లేస్తున్నకొద్దీ పెరడు రెండు గోడల నడుమ మిగిలిన జాగాగా మారిపోతోంది కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. మొదటి ఉత్తరానికి కొంచెం విస్తారంగా జవాబు రాస్తున్నాను. అందులో చెప్పిన సంగతులు చాలావరకు తక్కినవారికీ పనికివస్తాయి.

ప్రశ్న: మా ఇల్లు హనుమకొండలో. ఇంటికి ఉత్తరాన చిన్న పెరడు ఉంది. అందులో సగం పాత మామిడి చెట్టు కిందికి వస్తుంది. మిగతా సగానికి పడమటి వైపు పక్కింటివారి మూడంతస్తుల గోడ అడ్డంగా ఉంటుంది. గడ్డి వేయిస్తే వానాకాలం ఉండి, తర్వాత పలచబడి పోయింది. అమెరికాలో ఉన్న మా అమ్మాయి వాళ్ళ ఊళ్ళో చెట్ల కింద జానెడు ఎత్తున, ఏడాదంతా పచ్చగా, ఎర్రని పండ్లతో నేలంతా పరుచుకొనే వింటర్‌గ్రీన్, పార్ట్రిడ్జ్‌బెర్రీ అనే మొక్కల ఫోటోలు పంపింది. వచ్చేటప్పుడు నాలుగు మొక్కలు తెస్తానంటోంది. ఇక్కడ బతుకుతాయా? బతకకపోతే వాటికి బదులు ఏం వేసుకోవచ్చు? వేసవి సెలవులకు చిన్నపిల్లలు వస్తారు. మాకు బోరు నీళ్ళే ఆధారం.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ఆ రెండు మొక్కలూ ఇక్కడ బతకవు. వింటర్‌గ్రీన్ అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనూ కెనడా తూర్పు భాగంలోనూ అడవుల నీడలో పాకే మొక్క, పది పదిహేను సెంటీమీటర్లకు మించి ఎదగదు. దాని ఆకు నలిపితే నొప్పుల బామ్ వాసన వస్తుంది, ఎందుకంటే బామ్‌లలో వాడే మిథైల్ శాలిసిలేట్ ఆ ఆకుల నూనెలోనే ఉంటుంది. దాని దగ్గరి బంధువు మన దేశంలోనూ ఉంది. నీలగిరుల్లో, ఈశాన్య రాష్ట్రాల కొండల్లో పెరిగే ఆ పొద నుంచే గంధపుర తైలం తీస్తారు, కానీ దానికీ కొండల చల్లదనమే కావాలి, మైదానానికి దిగిరాదు. ఇక పార్ట్రిడ్జ్‌బెర్రీ మన నూరువరహాలు, కాఫీ ఉన్న కుటుంబానికే చెందిన తీగ. జంటగా పూసే రెండు పూలు కలిసి ఒకే పండు కావడం దాని విశేషం, అందుకే ప్రతి పండు మీదా రెండు చిన్న గుంటలు కనిపిస్తాయి. చూడముచ్చటైనదే, అయినా మన వేసవికి నిలిచేది కాదు.

ఎండ ఒక్కటే కారణమైతే నీడలో పెట్టి, తడిపి ఎలాగో కాపాడుకోవచ్చుననిపిస్తుంది. వింటర్‌గ్రీన్‌కు పీహెచ్ 4.5 నుంచి 6 వరకు ఉండే ఆమ్ల నేల కావాలి, వేర్లతో కలిసి బతికే ప్రత్యేకమైన శిలీంధ్రం కావాలి, ఏటా కొన్ని నెలల గట్టి చలి కావాలి. విత్తనం మొలవాలన్నా ముందు రెండు మూడు నెలలు చల్లని తడిలో పడి ఉండాలి. మన చెల్క నేల (ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేల) సహజంగా తటస్థానికి దగ్గరగా, ఒక్కోచోట కొంచెం ఆమ్లంగానే ఉంటుంది గానీ, బోరు నీళ్ళలోని సున్నపు లవణాలు ఏళ్ళ తరబడి పేరుకొని దాన్ని అటువైపు ఉండనివ్వవు. పైగా రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే మన ఎండలో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరుతుంది, రాత్రి కూడా నేల చల్లబడదు. ఆన్‌లైన్‌లో దొరికే వింటర్‌గ్రీన్ విత్తనాల పొట్లాలకు డబ్బు పెట్టకండి.

మొక్కలు పెట్టెలో పెట్టుకొని రావద్దని మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశాల నుంచి మొక్కలు, నాటే విత్తనాలు తేవాలంటే ముందుగా దిగుమతి అనుమతి, ఆ దేశపు అధికారులిచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అవి లేకుండా తెస్తే విమానాశ్రయంలో పట్టుకుంటారు. వేరుకు అంటుకున్న గుప్పెడు మట్టిలో మనకు లేని తెగుళ్ళు ఉండవచ్చు కాబట్టి ఈ నిబంధనను నేను సమర్థిస్తాను.

ఇప్పుడు మీ పెరటి సంగతి. మొక్క పేరు అడిగేముందు నీడ ఎలాంటిదో చూసుకోవాలి. మీ గోడ పడమట ఉండటం అదృష్టం. మధ్యాహ్నం దాటాక వచ్చే ఏటవాలు ఎండే వేసవిలో ఆకులను మాడుస్తుంది, దాన్ని ఆ గోడ ఆపుతుంది. అదే గోడ తూర్పున ఉండి పడమర తెరిచి ఉంటే నేను సగం మొక్కలను ఈ జాబితాలోంచి తీసేసేవాణ్ణి. ఉత్తరం వైపు పెరళ్ళతో ఒక చిక్కు ఉంది, చాలామంది గమనించరు. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల మధ్య నుంచి జూలై నెలాఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తిని దాటి కొంచెం ఉత్తరానికే ఉంటాడు. డిసెంబరులో పొద్దంతా ఇంటి నీడలో ఉన్న జాగా మీద సరిగ్గా వడగాలులు వీచే రోజుల్లో నిట్టనిలువుగా ఎండ పడుతుంది. చలికాలంలో చూసి ‘ఇక్కడ ఎప్పుడూ నీడే’ అనుకొని నాటిన మొక్క మే నెలాఖరులో మాడిపోవడానికి కారణం ఇదే. కాబట్టి ఈ వేసవిలో ఒక రోజు ఉదయం, పదకొండు గంటలకు, ఒంటిగంటకు, మూడు గంటలకు ఎండ ఎక్కడెక్కడ పడుతోందో సుద్దతోనో పుల్లలతోనో గుర్తు పెట్టుకోండి.

గోడ పక్క నేలను కూడా నమ్మవద్దు. మూడంతస్తులు కట్టినప్పుడు రాలిన సిమెంటు, ఇటుక ముక్కలు, పూత పెళ్ళలు సాధారణంగా అక్కడే మట్టిలో కలిసిపోతాయి. అలాంటి మట్టిలో లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుము నేలలో ఉన్నా వేరుకు అందదు. మొక్కకు ఎంత ఎరువు వేసినా ఆ పసుపు పోదు. గోడ వెంట అడుగు లోతున తవ్వించి, పెళ్ళలు ఏరించి, చెల్క మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, ఆకుల ఎరువు కలిపి నింపించండి. చెరువుల పూడిక తీయించిన మిషన్ కాకతీయ రోజుల నుంచి చెరువు మట్టి మీద మనవాళ్ళకు మోజు పెరిగింది. అది పొలానికి మంచిదే గానీ నీడలో తడి ఆరక వేర్లు కుళ్ళుతాయి కాబట్టి నాలుగో వంతుకు మించి కలపవద్దు.

మామిడి కింది సగంలో అలా తవ్వకూడదు. ఆహారం తీసుకొనే సన్నని వేర్లు చాలావరకు పైమట్టిలోనే ఉంటాయి, పార వేస్తే అవే తెగుతాయి. మొదలు చుట్టూ మట్టి ఎత్తు పెంచినా బెరడు కుళ్ళుతుంది. మొదటికి మూడడుగుల దూరం వదిలి, వేరు తగలని చోట చేతిపారతో మొక్కకు మొక్కకు చిన్న గుంత తీసి నాటుకోవాలి. అంతకంటే పెద్ద సంగతి నీళ్ళది. మామిడి నిండుగా పూయాలంటే పూతకు ముందు రెండు మూడు నెలలు, అంటే మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నేల కొంత ఎండాలి. తోటల్లో ఆ కాలంలో నీరు కట్టకపోవడానికి కారణం అదే. నేలను కప్పే మొక్కల కోసం రోజూ తడుపుతూ పోతే చెట్టు కొత్త చిగురు వేస్తుంది, పూత తగ్గుతుంది. తర్వాత చెట్టు ముసలిదైపోయిందని అనుకుంటారు. మీరు కాయ కోసం ఆ చెట్టును ఉంచుకున్నవారైతే దాని కింద నీళ్ళు తాగే మొక్క వేయకూడదు. కాపు కోసిన తర్వాత జూన్, జూలైలలో కింది కొమ్మలు రెండు మూడు తీయిస్తే చెట్టుకు నష్టం లేదు, నేలకు వెలుగు వస్తుంది. ఆ వెలుగు లేకపోతే ఏ మొక్కా పండ్లు చూపించదు. చిక్కని నీడలో ఆకు మాత్రమే ఆశించాలి, కొంచెం వెలుగున్న చోటే పూత, పండు.

పిల్లలు వస్తారని రాశారు కాబట్టి మొదట పిప్పలి గురించి చెబుతాను. శొంఠి, మిరియాలతో కలిపి త్రికటు అనేది ఈ పిప్పలినే. హృదయాకారపు ఆకులతో నేల మీద పాకుతూ, కణుపు తాకిన చోటల్లా వేరు వేస్తూ పోతుంది. నీడ దానికి అవసరం కూడా. విశాఖ ఏజెన్సీలో దీన్ని మోడి కోసం, అంటే వేళ్ళ కోసం సాగు చేస్తారు. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన ‘విశ్వం’ రకం కొబ్బరి తోటల నీడలో పెంచడానికి పనికొచ్చేది. దీని పండ్లు మీ ఫోటోలోని ఎర్రని గుండ్రని పండ్లు కావు. సన్నని చిన్న పండ్లు ఒకదానికొకటి అంటుకొని వేలి కణుపంత కంకిగా నిలబడి ఉంటాయి, మొదట పచ్చగా ఉండి ముదిరేకొద్దీ నలుపు తిరుగుతాయి. అందం కొంచెం తక్కువే. కానీ పిల్లవాడు ఒకటి నోట్లో పెట్టుకుంటే నాలుక మండి ఉమ్మేస్తాడు తప్ప ప్రమాదం లేదు. పిప్పలిలో ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి కాబట్టి కంకులు కాసిన తీగ నుంచి మాత్రమే మూడు నాలుగు కణుపుల ముక్కలు తెచ్చుకోండి. రెండడుగుల ఎడంతో నాటితే చాలు.

పిప్పలికి ఏజెన్సీలోని చల్లదనం, గాలిలో తేమ వరంగల్‌లో దొరకవని కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆకులు చిన్నవవుతాయి, అంచులు మాడతాయి. నేల పదును ఆరకుండా చూస్తూ, ఎండుటాకులు రెండంగుళాల మందాన పరిచి ఉంచితే తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది. అందుకే దాన్ని గోడ పక్క సగంలో, మామిడి కొమ్మల అంచుకు బయట వేయమంటున్నాను. అక్కడ మీరు ఎన్ని నీళ్ళు పెట్టినా మామిడి పూతకు పెద్దగా అడ్డురాదు.

పిల్లలు చేతికి దొరికినదల్లా నోట్లో పెట్టుకొనే వయసు దాటినవారైతే అగ్లోనిమా మీ ఫోటోకు కొంత దగ్గరగా వస్తుంది. గోదావరి తీరాన ఉన్న కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చే మొక్కల్లో ఇది ఎప్పుడూ ఉంటుంది, మన నర్సరీలన్నిటిలో దొరుకుతుంది. ఎర్ర, గులాబీ రంగుల కొత్త రకాలకు వెలుగు ఎక్కువ కావాలి, ధర కూడా ఎక్కువ. మీరు కొనవలసింది వెండి మచ్చల పాత ఆకుపచ్చ రకం. అడుగు ఎడంతో గుంపుగా నాటితే రెండేళ్ళలో మట్టి కనబడకుండా కమ్ముతుంది. ఎత్తు అడుగున్నర దాకా పోతుంది, మరీ పెరిగితే కోసి ఆ కొమ్మలనే మళ్ళీ గుచ్చుకోవచ్చు. పూత చేమపువ్వు తరహాలో ఆకుల నడుమ దాగి ఉంటుంది. కాయ పట్టినప్పుడు పచ్చని కాయలు నెలల తరబడి నింపాదిగా మాగి నిగనిగలాడే ఎర్రరంగు తిరుగుతాయి, కానీ పూసిన ప్రతిసారీ కాయ పట్టదు. ఆ పండ్లలో, ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి. కొరికితే పచ్చి చేమదుంప కొరికినట్టు నోరు, గొంతు దురదపెట్టి వాస్తాయి. మీ మనవలు ఇంకా పసివాళ్ళైతే పండ్లు రంగు తిరగకముందే తుంచేయండి.

మామిడి కింద మాత్రం మాండో గడ్డి వేయమంటాను. ఇది గడ్డి జాతి కాదు, సన్నని ఆకులున్న దుబ్బు మొక్క. జపాన్, చైనాల్లో చెట్ల నీడలోనే పెరిగేది. అక్కడ ఆకుల మధ్య నీలిరంగు పండ్లు కాస్తుంది. మన మైదానపు వేడిలో పూయడం అరుదు, కాబట్టి పండ్ల ఆశ పెట్టుకోకుండా పచ్చదనం కోసమే వేసుకోండి. ఆరంగుళాల ఎడంతో నాటినా నేల మూసుకోవడానికి ఏడాది పైనే పడుతుంది. ఆ ఓపిక లేకనే చాలామంది దీన్ని పీకేసి మళ్ళీ లాన్ వేస్తారు, మళ్ళీ పోగొట్టుకుంటారు. ఒకసారి వేరూనితే అక్టోబరు తర్వాత వారానికి ఒక పలచని తడితో నెట్టుకొస్తుంది, మామిడితో పేచీ ఉండదు.

నీళ్ళ సంగతి ఒకటి మిగిలింది. కుండీల అంచున తెల్లగా ఉప్పు పట్టే బోరు నీళ్ళైతే అగ్లోనిమా ఆకుల కొనలు ఎండుతాయి. ఇంట్లోని ఆర్వో మిషను వదిలే వృథా నీళ్ళను మొక్కలకు పోయడం మంచి పొదుపని చాలామంది అనుకుంటారు. ఆ నీళ్ళలో లవణాలు బోరు నీటి కంటే ఎక్కువ, దాన్ని ఇల్లు కడగడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీళ్ళలో లవణాలు ఉండవు, బకెట్టు పెట్టి పట్టుకుంటే వేసవిలో ఈ మొక్కలకు అంతకంటే మంచి నీరు లేదు. నాట్లు మాత్రం ఇప్పుడు వద్దు. మృగశిర కార్తె వచ్చి, రెండు గట్టి వానలు పడి, నేల లోపలి వేడి దిగాక నాటితే వేసవి నాటికి వేరు లోతుకు పోతుంది.

ప్రశ్న: మూడేళ్ళ క్రితం మెట్ల కింద కుండీలో ఆస్పరాగస్ వేశాం. నర్సరీలో ‘స్ప్రెంగెరి’ అని ఇచ్చారు. అప్పుడు దాని నిండా ఎర్రని పండ్లుండేవి. మా ఇంట్లో పచ్చగానే ఉంది గానీ ఒక్క పండూ లేదు. ఈ మధ్య ఆకులు పసుపుబారి రాలుతున్నాయి. యూరియా వేస్తున్నాం.
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: పండ్లు లేకపోవడానికి మెట్ల కింది చీకటే మొదటి కారణం. ఈ మొక్క నీడను ఓర్చుకుంటుంది గానీ, పూయడానికి రోజూ రెండు మూడు గంటల ఉదయపు ఎండో, రోజంతా తెరిపి వెలుగో కావాలి. రెండో కారణం మీ యూరియా. నత్రజని ఎక్కువైతే తీగలు సాగుతాయి, పూత వెనకబడుతుంది. యూరియా మానేసి, మొక్కను తూర్పు ఎండ తగిలే చోటికి మార్చండి. మార్చేటప్పుడు వేరును గమనించండి, తెల్లని గడ్డలు గుత్తిగా కనిపిస్తాయి. ఇది మన అడవుల్లోని పిల్లిపీచరకు బంధువే, ఆ గడ్డల్లోనే నీరు దాచుకుంటుంది కాబట్టి ఒకటి రెండు వారాలు నీళ్ళు మరిచిపోయినా చావదు. అదే గడ్డలు కుండీ నిండా బిగుసుకుపోతే నీళ్ళు లోపలికి దిగక, పక్కల నుంచి కారిపోయి, మొక్క లోలోపల ఎండుతుంది. మీ మొక్క పసుపుబారడానికి అదే కారణం కావచ్చు. కుండీ నుంచి తీసి, పదునైన కత్తితో కుదురును రెండుగా కోసి, ఒక్కోదాన్ని వేరుగా నాటండి. పసుపుబారిన తీగలను మొదటికంటా తీసేయండి. చేతికి తొడుగులు వేసుకోండి, సన్నని ముళ్ళుంటాయి, రసం కొందరికి దురద తెస్తుంది.

ఆకులనుకొనేవి నిజానికి ఆకుల పని చేసే సన్నని కొమ్మలు. వాటి మధ్య నువ్వు పువ్వు కంటే చిన్నవిగా, తెల్లగా, తీయని వాసనతో పూలు వస్తాయి. అవి కనిపించినప్పుడు తేనెటీగలు తిరిగే చోట ఉంచితే కాయ పడుతుంది, ఒకే మొక్క ఉన్నా సరే. పండ్లు చూడటానికే, తింటే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. నేలలో రెండడుగుల ఎడంతో వేస్తే నేలను బాగా కప్పుతుంది, ఎండు నీడకు దీన్ని మించినది మన నర్సరీల్లో నాకు కనబడదు. అయితే పిట్టలు గింజలు మోసుకుపోతాయి. ఆస్ట్రేలియాలో, అమెరికాలోని ఫ్లోరిడాలో ఇది తోట దాటి అడవుల్లో కలుపుగా మారింది కాబట్టి, రాలి మొలిచిన వాటిని గోడ దాటనివ్వకండి.

ప్రశ్న: మా జామ చెట్టు కింద ఎవరూ వేయకుండానే మోకాలెత్తు మొక్కలు గుంపుగా వచ్చాయి. ఒకే కొమ్మ మీద చిన్న తెల్లని పూలు, పచ్చికాయలు, నిగనిగలాడే ఎర్రని పండ్లు ఉన్నాయి. నలిపితే వేలికి ఎర్రరంగు అంటుతోంది. ఫోటో జత చేశాను. ఉంచవచ్చా? పండ్లు తినవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఫోటోలోనిది రివీనా. అమెరికా ఖండాల ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చి మన దేశంలో ఊరూరా స్థిరపడింది. మీ ఇంటికి దాన్ని తెచ్చింది పిగిలిపిట్టలే అయి ఉంటాయి, జామ కొమ్మల మీద కూర్చొని పండు తిని గింజ వదిలిపోతాయి. నీడలో ఏడాదంతా పూస్తూ, కాస్తూ ఉండే మొక్క ఇదొక్కటే అన్నా అతిశయోక్తి కాదు. అందం విషయంలో దీనికి వంక లేదు. ఆకు, వేరు విషపూరితం, పండ్లను కూడా నోట పెట్టవద్దు. కామంచి పండ్లు తిన్న అలవాటుతో పిల్లలు దీన్నీ కోసుకొనే ప్రమాదం ఉంది. పసిపిల్లలుంటే పీకేయండి. లేకపోతే నాలుగు వైపులా ప్రహరీ ఉన్న పట్టణపు ఇంట్లో ఉంచుకోవచ్చు, ఏటా జూలైలో వందలుగా మొలిచే పిలకలను పీకుతూ ఉండాలి. ఊరి శివారులో, ముఖ్యంగా అడవికి దగ్గరగా ఉన్నవారు మాత్రం దీన్ని పెంచకూడదు. లంటానా తోట మొక్కగా వచ్చి మన అడవుల అడుగునంతా ఎలా ఆక్రమించిందో చూస్తూనే ఉన్నాం.

ప్రశ్న: పెరడంతా నేలను కప్పే మొక్కలు వేద్దామంటే పాములు, తేళ్ళు, దోమలు చేరతాయని మా అత్తమ్మ ఒప్పుకోవడం లేదు. ఆమె భయం నిజమేనా?
– ఒక పాఠకురాలు, ములుగు

జవాబు: మీ అత్తమ్మగారి మాటను కొట్టిపారేయవద్దు, ములుగు లాంటి చోట ఆ జాగ్రత్త ఉండవలసిందే. పాము ఆకుల కోసం రాదు, ఎలుకల కోసం, కప్పల కోసం వస్తుంది. గుబురులో దాక్కొనే వీలు దొరికితే నిలుస్తుంది. పెరట్లో వడ్ల బస్తాలు, కోళ్ళ దాణా, పిట్టలకు చల్లిన గింజలు, ఇటుకల కుప్ప, కట్టెల మోపు ఉన్నంతకాలం మొక్కలు తీసేసినా పాము వస్తూనే ఉంటుంది. తేలు కూడా ఇటుకల సందుల్లోనే ఉంటుంది. ముందు వాటిని తీయించండి. గోడల వెంట, నడిచే దారి వెంట రెండడుగుల వెడల్పున ఏ మొక్కా లేకుండా కంకర పరచండి, పాము దాన్ని దాటినా కంటికి కనబడుతుంది. నేల మొక్క ఎత్తు జానెడు లోపు ఉండేదే ఎంచుకోండి. మాండో గడ్డి పరవాలేదు, అడుగున్నర ఎదిగే అగ్లోనిమా మీకు వద్దు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి చీకటి పడ్డాక టార్చి, చెప్పులు లేకుండా పెరట్లోకి పోవద్దు. పండ్లు కోయడానికైనా కలుపు తీయడానికైనా ముందు కర్రతో కదిలించి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. ఎవరినైనా కరిస్తే కట్లు కట్టడం, పసరు పోయడం లాంటివి చేయకుండా, కరిచిన కాలు కదపనివ్వకుండా, పాము విషానికి విరుగుడు ఇంజెక్షను ఉండే ఆసుపత్రికి నేరుగా తీసుకుపోవాలి. దోమల విషయంలో మాత్రం అత్తమ్మగారి మాట సగమే నిజం, అవి పగలు గుబురు నీడలో దాక్కుంటాయి గానీ పుట్టేది అక్కడ కాదు. దోమ గుడ్లు పెట్టేది నిలిచిన నీళ్ళలో. కుండీల కింది పళ్ళేలు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు వారానికి ఒకసారి బోర్లించి ఆరబెడితే ఆ గొడవ చాలావరకు తీరుతుంది.

ప్రశ్న: వరండా ముందు వేసిన అగ్లోనిమా ఆకులు డిసెంబరులో నీటి మచ్చలు పడి, నల్లబడి వాలిపోయాయి. తెగులు మందు రెండుసార్లు కొట్టినా ఆగలేదు.
– ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: అది తెగులు కాదు, చలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే దిగితే ఈ మొక్క ఆకులు దెబ్బతింటాయి, ఆదిలాబాద్‌లో చలికాలం రాత్రులు అంతకంటే కిందికి పోవడం మామూలే. వరంగల్‌కు నేను సిఫార్సు చేసిన మొక్కను మీ జిల్లాకు ఆరుబయట సిఫార్సు చేయను. మందు మానేయండి. కుండీల్లోకి మార్చి, నవంబరు నెలాఖరు నుంచి రాత్రిళ్ళు లోపల పెట్టుకోండి. నేలలోనే ఉంచాలనుకుంటే సాయంత్రం గోనెపట్టా కప్పి ఉదయం తీయండి, ఆ రెండు నెలలు నీళ్ళు సగానికి తగ్గించండి. నల్లబడిన ఆకులను ఇప్పుడే కోయవద్దు, కింద ఉన్న మొగ్గకు అవే కొంత కాపు. ఫిబ్రవరిలో కొత్త ఆకు చుట్ట కనిపించాక కోసేయండి. కాండం మెత్తబడి వాసన వస్తుంటే మాత్రం ఆగకుండా గట్టి భాగం దాకా కోసి, ఆ పై కొమ్మను ఇసుకలో గుచ్చి వేరు వేయించుకోండి.